దారి చూపిన అక్షరములు

పెండ్లి శుభలేఖ మీదను, మందుసీసా చీటి మీదను, రైలుస్టేషను పేరుపలక మీదను ఉండునవి అక్షరములే. కాని వానిని చదువువారి స్థితి ఒక్కటి కాదు. శుభలేఖను ఇంట కూర్చుండి తీరికగా చదివెదరు. మందుచీటిని రోగి మంచముచెంత, మసక దీపపు వెలుతురున చదువవలసి వచ్చును. పేరుపలకను కదలుచున్న బండి కిటికీనుండి, దిగవలెనో కూడదో తేల్చుకొనుటకై, రెప్పపాటులో చదువవలెను. శుభలేఖకు ఒప్పిన వంపుసొంపుల అక్షరమును పేరుపలకకు ఎక్కించినచో ప్రయాణికుడు తన ఊరు దాటిపోవును.

అక్షరముల రూపభేదమును ముద్రణాలయములవారు టైపు అని వ్యవహరించిరి. కంప్యూటరు వచ్చిన పిదప ఫాంటు అను మాట ఇంటింట వాడుకయైనది. నేడు ఫాంటు మార్చుట వ్రేలిమొనతో జరుగు పని. ఎన్నో రూపములు అందుబాటులో నుండుటచే ఎన్నిక సులభమైనట్లు తోచును. నిజమునకు అందువలననే అది కష్టతరమైనది. "ఏది అందముగా నున్నది?" అను ప్రశ్నతో మొదలుపెట్టినవారు తరచుగా పొరపడుదురు. మరి ఏ ప్రశ్నతో మొదలుపెట్టవలెను? ఈ సంగతి బ్రిటను దేశపు రహదారి పలకల చరిత్రవలన చక్కగా తెలియగలదు.

ఆ దేశమున వేగముగా పోవు వాహనములకై ప్రత్యేకముగా మోటారుబాటలు నిర్మింపబడెను. వానిలో మొదటిది ఇంగ్లండు వాయవ్య భాగమున, ప్రెస్టన్ పట్టణము ప్రక్కగా వేసినది. దానిని 1958 డిసెంబరు 5వ తేదీన నాటి ప్రధానమంత్రి హెరాల్డ్ మాక్‌మిలన్ ప్రారంభించెను. ఈ బాటలపై దారి చూపుట సామాన్యమైన పని కాదు. గంటకు 60 మైళ్ల వేగమున పోవు కారు సెకనునకు 88 అడుగులు సాగును. పలకను చదువుటకు మూడు సెకనులు పట్టినచో, ఆలోపల కారు 264 అడుగులు ముందునకు పోయియుండును. చీలుదారిని దాటిపోయినవాడు మోటారుబాటపై వెనుకకు తిరుగరాదు. సందేహముతో హఠాత్తుగా బ్రేకు వేసినచో వెనుక వచ్చువారి ప్రాణములకు ముప్పు వాటిల్లును. కావున అక్కడ అక్షరము అలంకారము కాదు; ప్రాణరక్షకు సంబంధించిన సాధనము.

ఇట్టి పలకలను నిర్ణయించుటకై బ్రిటిషు ప్రభుత్వము 1957లో ఒక కమిటీని నియమించెను. ఓడల కంపెనీ పెద్దలలో ఒకడైన కాలిన్ ఆండర్సన్ దానికి అధ్యక్షుడు. ఆ కంపెనీ ప్రయాణికుల సామానులకు అంటించు చీటీలను జాక్ కినియర్ అను రూపశిల్పి తయారుచేసియుండెను. గాట్విక్ విమానాశ్రయపు పలకల పనియు అతనిదే. మోటారుబాటల పలకలను గూడ కమిటీ అతనికే అప్పగించెను. కినియర్ చెల్సీ కళాశాలలో బోధకుడు. అచట తన శిష్యురాలుగా నుండిన మార్గరెట్ కాల్వర్ట్‌ను అతడు సహాయమునకు తీసికొనెను. ఆమె 1936లో దక్షిణాఫ్రికాలో జన్మించి, బాల్యము గడచిన పిమ్మట ఇంగ్లండు చేరినది.

కినియర్ తన పనిని అక్షరములతో ఆరంభింపలేదు. కారు నడపువానితో ఆరంభించెను. వేగముగా పోవుచు పలకను చూచువానికి ఏమి తెలియవలెను? ఎంత దూరమునుండి తెలియవలెను? ఇది అతని మొదటి ప్రశ్న. పలక పరిమాణమును ముందు నిర్ణయించి అందులో అక్షరములను ఇరికించుట అతనికి సమ్మతము కాలేదు. దూరమునుబట్టి అక్షరపు ఎత్తు, అక్షరములనుబట్టి మాట పొడవు, మాటలనుబట్టి పలక వైశాల్యము ఏర్పడవలెనని అతని మతము.

ఇంగ్లీషు లిపిలో పెద్ద అక్షరములనియు, చిన్న అక్షరములనియు రెండు తెగలు కలవు. అంతకుముందు ఆ దేశపు పలకలపై ఊళ్ల పేర్లు అన్నియు పెద్ద అక్షరములతోనే వ్రాయబడుచుండెను. పెద్ద అక్షరములన్నియు సమానమైన ఎత్తు గలవి. కావున ఏ పేరు వ్రాసినను దూరమునకు ఒక ఇటుక ఆకారముననే కనబడును. చిన్న అక్షరములలోనైతే బి, డి, హెచ్ వంటివి తల పైకెత్తును. జి, పి, వై వంటివి కాలు క్రిందికి చాచును. అందుచే ప్రతి పేరునకును తనదైన ఒక బాహ్యరేఖ ఏర్పడును. దూరమున వచ్చు మిత్రుని ముఖము తెలియకముందే నడకనుబట్టి గుర్తించునట్లు, కారు నడపువాడు తాను వెదకు ఊరిపేరును అక్షరక్రమము తెలియకముందే ఆకృతినిబట్టి గుర్తింపగలడని కినియర్ భావించెను. కావున పేరులోని మొదటి అక్షరము మాత్రము పెద్దదిగను, తక్కినవి చిన్నవిగను వ్రాయ నిశ్చయించెను.

అట్టి అక్షరములు అప్పటికే ముద్రణాలయములందు లేకపోలేదు. జర్మనీలో పుట్టిన ఆక్సిడెంజ్ గ్రోటెస్క్ అను టైపు నిరాడంబరమై స్పష్టముగా నుండెను. కినియర్, కాల్వర్ట్‌లు దానిని ఆధారముగా గ్రహించిరి. కాని యథాతథముగా వాడలేదు. పుస్తకమున సరిపోయిన రూపము పలకపై చాలదు. ఇంగ్లీషులో చిన్న ఎల్, పెద్ద ఐ, ఒకటి అంకె మూడును నిలువు గీతలవలె నుండి ఒకదానినొకటి పోలును. అందుచే చిన్న ఎల్ అక్షరమునకు క్రింద చిన్న వంపు తోకను చేర్చిరి. రాత్రివేళ కారు దీపముల వెలుగు పలకపై పడినప్పుడు తెల్లని అక్షరములు కాంతి ప్రాకి లావుగా తోచును. దగ్గరగా నున్నచో ఒకదానితో నొకటి కలిసిపోవును. కావున అక్షరముల నడుమ ఎడమును పెంచిరి. ముదురు రంగు పలకపై తెల్లని అక్షరములకు ఒక మందమును, తెల్లని పలకపై నల్లని అక్షరములకు అంతకంటె లావైన మందమును ఏర్పరచిరి. ఇట్లు రూపొందిన అక్షరమునకు ట్రాన్స్‌పోర్ట్ అను పేరు వచ్చెను. రంగును, చదువగల దూరమును తెలిసికొనుటకై పలకలను లండనులోని హైడ్ పార్కు చెట్లకు ఆనించి నిలిపి, దూరమునుండి చూచిరి. మోటారుబాటలకు నీలిరంగుపై తెల్లని అక్షరములు నిర్ణయమయ్యెను.

ఈ మార్పు అందరికిని నచ్చలేదు. డేవిడ్ కిండర్స్‌లీ అను ప్రసిద్ధ శిలాక్షర శిల్పి దీనిని ఎదిరించెను. పెద్ద అక్షరములనే చక్కగా మలచి, తగిన ఎడముతో అమర్చినచో అంతకంటె చిన్న పలకపైననే స్పష్టముగా చదువవచ్చునని అతని వాదము. ఊరక విమర్శించి విడువక, చివరలందు మొనలు గల పెద్ద అక్షరములను తానే గీచి చూపెను. పత్రికలలో లేఖలు వెలువడెను. ఎవరి మాట నిజము?

ఈ వివాదమును మాటలతో తేల్చుట సాధ్యము కాదు. కావున రోడ్డు పరిశోధనశాలవారు పరీక్షకు పూనుకొనిరి. ఆక్స్‌ఫర్డు ప్రాంతమునగల బెన్సన్ విమానమైదానమున కొందరిని వేదికపై కూర్చుండబెట్టిరి. పలకను కారు పైకప్పుపై నిలిపి, ఆ కారును వారివైపు నడిపించిరి. ఎంత దూరమున నుండగా పేరు చదువగలిగిరో వ్రాసికొనిరి. ఫలితము ఆశ్చర్యకరమైనది. కిండర్స్‌లీ అక్షరములే కొంచెము మేలుగా తేలినవి. కాని ఆ భేదము నూటికి మూడు పాళ్లు మాత్రమే. ఇంత స్వల్పభేదము నిర్ణయమునకు చాలదని తలచి, చూపునకు ఇంపైన రూపమును ఎన్నుకొనవచ్చునని పెద్దలు తీర్మానించి ట్రాన్స్‌పోర్ట్‌నే నిలిపిరి.

ఈ సందర్భమున ఒక విషయము గమనింపదగినది. అందమును విచారించుట తప్పని ఎవరును అనలేదు. కాని దాని వంతు కడపట వచ్చినది. చదువుటకు రెండు రూపములును దాదాపు సమానమని పరీక్షచే తేలిన పిమ్మటనే అందము తీర్పరి యయ్యెను. ఆ వరుసను తారుమారు చేసియుండినచో పరీక్షకే తావుండెడిది కాదు.

మోటారుబాటల పలకలు చక్కబడినను సామాన్యపు రోడ్లపై గందరగోళము తగ్గలేదు. 1961లో హెర్బర్ట్ స్పెన్సర్ అను ముద్రణ కళావేత్త లండను నడిబొడ్డునుండి హీత్రో విమానాశ్రయమువరకు గల దారిలోని పలకలకు ఫోటోలు తీసి ప్రకటించెను. ఒకే దారిలో ఎన్ని రకముల అక్షరములు, ఎన్ని రకముల పలకలు ఉన్నవో లోకమునకు తేటపడెను. పిదప వాల్టర్ వర్‌బాయ్స్ అధ్యక్షతన మరియొక కమిటీ ఏర్పడి 1963లో నివేదిక సమర్పించెను. కినియర్, కాల్వర్ట్‌ల విధానము 1965 జనవరి 1వ తేదీనుండి దేశమంతట అమలులోనికి వచ్చెను. కినియర్ 1994లో మరణించెను. అతని అక్షరము మాత్రము నేటికిని ఆ రోడ్లపై దారి చూపుచున్నది. 2012లో బ్రిటిషు ప్రభుత్వము తన సేవలకై తెరచిన అంతర్జాల నెలవునందును దాని కొత్తరూపమైన న్యూ ట్రాన్స్‌పోర్ట్ వాడబడెను.

విద్యార్థులారా! ఈ కథ పరదేశమున జరిగినను ఇందలి పాఠము మన లిపికిని చెల్లును. తెలుగున పెద్ద, చిన్న అక్షరములను భేదము లేదు. కాని మన అక్షరములకు తమవైన సున్నితపు గుర్తులు కలవు. థకార ధకారములకు భేదము నడుమనుండు చిన్న చుక్కయే. ప, ఫ అక్షరములను వేరుచేయునది అడుగున నుండు చిన్న గీత. మిక్కిలి లావైన ఫాంటునందు ఆ చుక్క పూడిపోవచ్చును; మిక్కిలి సన్ననిదానియందు దూరమునకు మాసిపోవచ్చును. మరియు మన ఒత్తులు అక్షరము క్రిందికి దిగును. గుడులు అక్షరము పైకి లేచును. వరుసల నడుమ ఎడము చాలనిచో పై వరుసలోని ఒత్తు క్రింది వరుసలోని గుడికి తగులును. కావున ఫాంటును ఎన్నుకొనుటతో పని ముగియదు; వరుసల ఎడమును గూడ సరిచూడవలెను.

నేడు ఉచితముగా లభించు తెలుగు ఫాంటులలో మండలి వార్తాపత్రికలవంటి దీర్ఘపఠనమునకు ఉద్దేశింపబడినది. రామభద్ర శీర్షికలకును, గోడపత్రికలకును తగినది. రామభద్రతో పుటలకొలది వ్యాసమును అచ్చువేసినచో కన్నులు అలసిపోవును. అది ఫాంటు దోషము కాదు, ఎన్నుకొన్నవాని దోషము.

పాఠశాల వార్షికోత్సవమునకు ప్రకటన తయారుచేయవలసి వచ్చినదనుకొనుడు. మొదట మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దీనిని ఎవరు చదువుదురు? ఎంత దూరమునుండి, ఎంత వ్యవధిలో చదువుదురు? చదివినపిమ్మట వారేమి చేయవలెను? వృద్ధులును వత్తురుగదా, వారి చూపును తలచుకొనవలెను. తరువాత తేదీ, వేళ, స్థలము అను మూడింటిని రెండు మూడు ఫాంటులలో అచ్చువేసి గోడకు అంటింపవలెను. ఇరువది అడుగుల దూరమున ఒక మిత్రుని నిలిపి చదువుమనవలెను. తయారుచేసినవాడు తానే పరీక్షింపరాదు. ఏలయన అతనికి మాట ముందే తెలియును. అక్షరము కనబడకున్నను మనస్సు దానిని పూరించును. విషయమెరుగని మిత్రుడు ఎచ్చట తడబడునో ఆ చోటనే లోపమున్నదని గ్రహింపవలెను. సాయంసంధ్యవేళ మరల ఒకసారి చూచుట మంచిది.

ఇట్లు పరీక్షించిన పిమ్మట రెండు రూపములు సమముగా నిలిచినచో, వానిలో అందమైనదానిని నిస్సంకోచముగా ఎన్నుకొనవచ్చును. ఆ ప్రకటన చూచినవారు అక్షరములను మెచ్చుకొనకపోవచ్చును. వేళకు ఉత్సవమునకు వచ్చి కూర్చుందురు. అక్షరము తన పని నెరవేర్చినదనుటకు అంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ప్రశ్నలు

1. మోటారుబాటలపై పలకలను చదువుటలోగల కష్టమేమి?
2. కినియర్ పేర్లను చిన్న అక్షరములతో వ్రాయ నిశ్చయించుటకు కారణమేమి?
3. బెన్సన్ మైదానమున జరిగిన పరీక్షను, దాని ఫలితమును వర్ణింపుడు.
4. మీ పాఠశాలలోని ఒక పలకను దూరమునుండి పరీక్షించి, అందలి గుణదోషములను వ్రాయుడు.