విశ్రాంతి వేళ లేసు అల్లిక

పాఠ్యభాగ పరిచయం

టీకా వేయించుకున్న తరువాత ఒకటి రెండు రోజులు శరీరం విశ్రాంతి కోరడం సహజం. ఆ విశ్రాంతిని విసుగుతో గాక, చేతికి భారం కాని నూలు అల్లికతో ఆహ్లాదంగా గడపవచ్చునని ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ అల్లికను తరతరాలుగా జీవనోపాధిగా చేసుకున్న గోదావరి తీర స్త్రీల శ్రమను కూడా గుర్తు చేస్తుంది.

1. టీకా అనే మాట

తెలుగు విద్యార్థికి ‘టీకా’ అనే మాట రెండు చోట్ల ఎదురవుతుంది. పద్యం కింద ఒక టీకా ఉంటుంది. ఆరోగ్య కేంద్రంలో మరొక టీకా ఉంటుంది. మొదటిది సంస్కృత పదం. కఠినమైన గ్రంథానికి చెప్పే వ్యాఖ్యానమని దాని అర్థం. రెండవది ఉత్తర భారత భాషల నుంచి మనకు వచ్చింది. అక్కడ ఆ మాటకు బొట్టు, గుర్తు అనే అర్థాలున్నాయి. ఈ రెండు మాటల మధ్య ఒక చక్కని పోలిక కనిపిస్తుంది. వ్యాధిని కలిగించే క్రిమిని గురించి శరీరానికి ముందుగానే చెప్పే వ్యాఖ్యానమే టీకా. అర్థం తెలిసిన పద్యం పరీక్షలో భయపెట్టదు. అదే విధంగా, ఆనవాలు తెలిసిన క్రిమి శరీరాన్ని సులభంగా లొంగదీసుకోలేదు.

1796లో ఇంగ్లండు వైద్యుడు ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి పొక్కులలోని రసాన్ని ఒక బాలునికి ఎక్కించి, మశూచి నుంచి రక్షణ లభిస్తుందని నిరూపించాడు. ఆ మార్గంలో సాగిన కృషి ఫలితంగా 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి నిర్మూలన జరిగిందని ప్రకటించింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014లో భారతదేశానికి పోలియో రహిత దేశంగా ధ్రువీకరణ లభించింది. కోవిడ్ మహమ్మారిని ఎదుర్కొనడానికి 2021 జనవరి 16న దేశంలో టీకా కార్యక్రమం ప్రారంభమైంది. 2022 జనవరి 3 నుంచి 15–18 సంవత్సరాల వారికి కూడా టీకా వేశారు. అందుకోసం హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్‌ను వినియోగించారు. నాటి ఇంటర్మీడియట్ విద్యార్థులు ఆ వరుసలలో నిలబడినవారే. మహమ్మారి తీవ్రత తగ్గినా టీకాల అవసరం తీరలేదు. జాతీయ కార్యక్రమంలో భాగంగా 16 ఏళ్ళ వయసులో ధనుర్వాతం, కంఠసర్పి వ్యాధుల నివారణకు టీడీ టీకా వేస్తారు.

2. శరీరం లోపల జరిగే పాఠం

టీకాలో నిర్జీవమైన క్రిమి గాని, బలహీనపరచిన క్రిమి గాని, దానిలోని ఒక భాగం గాని, ఆ భాగాన్ని తయారుచేసే సమాచారం గాని ఉంటుంది. అది భుజపు కండరంలోకి చేరగానే రక్షక కణాలు దానిని పరాయి వస్తువుగా గుర్తిస్తాయి. కొన్ని కణాలు దాని ఆనవాళ్ళను సమీపంలోని శోషరస గ్రంథులకు చేరవేస్తాయి. అక్కడ ప్రతిరక్షకాలను తయారుచేసే కణాలు వృద్ధి చెందుతాయి. ఆ ఆనవాలును దీర్ఘకాలం గుర్తుంచుకొనే జ్ఞాపక కణాలు కూడా ఏర్పడతాయి. ఈ పని ఒక్క రోజులో ముగియదు. అందుకు కొన్ని వారాలు పడుతుంది.

ఈ సన్నాహంలో రక్షక కణాలు కొన్ని రసాయన సంకేతాలను విడుదల చేస్తాయి. వాటి వల్ల సూది గుచ్చిన చోట రక్త ప్రసరణ పెరిగి, వాపు, నొప్పి కలుగుతాయి. ఆ సంకేతాలు మెదడుకు చేరినప్పుడు శరీర ఉష్ణోగ్రత కొద్దిగా పెరుగుతుంది. ఒళ్ళు నొప్పులు, నీరసం, తలనొప్పి కలగవచ్చు. సాధారణంగా ఇవి ఒకటి రెండు రోజులలో తగ్గిపోతాయి. జ్వరం రానంత మాత్రాన టీకా పనిచేయలేదని అనుకోరాదు. శరీర తత్త్వం అందరికీ ఒకే విధంగా ఉండదు.

ఈ సమయంలో తగినంత నీరు త్రాగాలి. తేలికైన ఆహారం తీసుకోవాలి. నొప్పి ఉన్న చోట చల్లని తడిగుడ్డ వేయవచ్చు. చేతిని పూర్తిగా బిగబట్టి ఉంచక, మెల్లగా కదిలించడం మంచిది. మందులను వైద్యుల సలహాతోనే వాడాలి. ఊపిరి ఆడకపోవడం, ముఖం వాయడం, ఒళ్ళంతా దద్దుర్లు లేవడం వంటి లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యుని ఆశ్రయించాలి. టీకా వేసిన తరువాత కొంతసేపు కేంద్రంలోనే కూర్చోబెట్టేది అందుకే.

3. వేళ్ళకు పని, భుజానికి విరామం

నీరసంగా ఉన్న రోజున చదువు తలకెక్కదు. ఆటలకు ఓపిక ఉండదు. ఎంతసేపని పడుకుంటాం? అటువంటి వేళ లేసు అల్లిక చక్కని తోడు. ఎడమ చేతి వాడకం గలవారికి తప్ప, సాధారణంగా టీకాను ఎడమ భుజానికి వేస్తారు. అల్లికలో కుడిచేయి కొక్కెపు మొన గల సన్నని సూదిని పట్టుకుంటుంది. ఎడమచేయి నూలును బిగువు చెడకుండా అందిస్తుంది. మోచేతులను దిండు మీద ఆనించుకుంటే, మణికట్టు, వేళ్ళు మాత్రమే కదులుతాయి. భుజంపై బరువు పడదు.

ఈ కళకు సామగ్రి స్వల్పం. ఒక నూలు ఉండ, ఒక సూది ఉంటే చాలు. మొదట నూలుతో జారుముడి వేయాలి. సూదిని ఆ ముడిలో ఉంచి, నూలును కొక్కేనికి తగిలించి, ముడిలోనుంచి లాగితే ఒక ఉచ్చు ఏర్పడుతుంది. దానిలోనుంచి మరొకటి, దానిలోనుంచి ఇంకొకటి లాగుతూ పోతే గొలుసు సిద్ధమవుతుంది. గొలుసు రెండు కొనలను కలిపితే వలయం. ఆ వలయం చుట్టూ అల్లితే పువ్వు. ఏ క్షణంలోనైనా సూది మీద నిలిచి ఉండేది చాలవరకు ఒకే ఉచ్చు. అందుచేత అలసట కలిగితే ఎక్కడికక్కడ ఆపవచ్చు. తప్పు పడితే నూలు లాగి, మళ్ళీ మొదలుపెట్టవచ్చు. నూలు వృథా కాదు. ఉచ్చులు లెక్కపెడుతూ ఉంటే మనసు నొప్పి మీది నుంచి మళ్ళుతుంది.

అయితే ఒక మాట. అల్లిక ఔషధం కాదు. అది జ్వరాన్ని తగ్గించదు, వాపును తీర్చదు. కన్నులు మంటలెత్తినా, తల బరువెక్కినా సూదిని పక్కన పెట్టి నిద్రించడమే మేలు.

4. అల్లిక వెనుక చేతులు

పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలు ఈ లేసు అల్లికకు ప్రసిద్ధి. పందొమ్మిదవ శతాబ్దంలో అక్కడికి వచ్చిన క్రైస్తవ మిషనరీలు స్థానిక స్త్రీలకు ఈ విద్యను నేర్పారు. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి అది సంక్రమించింది. బల్లగుడ్డలు, దిండు గలేబులు, తెరలు ఆ పల్లెల అరుగుల మీద తయారై విదేశాలకు ఎగుమతి అయ్యాయి. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది.

2021లో నేను టీకా వేయించుకున్న మర్నాడు మా మేనత్త నా చేతికి సూదిని, నూలును ఇచ్చింది. ఆమె పుట్టింది పాలకొల్లు దగ్గర పల్లెలోనే.

“భుజం మీద బరువు మోపకురా అబ్బాయ్! వేళ్ళు మాత్రం ఊరికే ఎందుకుండాలి?” అన్నది.

“ఇది ఆడవాళ్ళ పని కదా అత్తయ్యా!” అన్నాను.

“నూలుకు ఆడా మగా తెలుస్తుందా?” అని నవ్వింది.

మధ్యాహ్నానికి వంకరటింకరగా ఒక పువ్వు తయారైంది. “ఎంత హాయిగా ఉంది అత్తయ్యా!” అన్నాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు.

“నీకు హాయే. మా అమ్మకు మాత్రం ఇవి బియ్యం డబ్బులు. ఒళ్ళు కాలిపోతున్నా సరకు అప్పజెప్పే రోజు ఆగేది కాదు. దీపం దగ్గర కూర్చుని అల్లేది” అన్నది.

ఆ మాటలలో ఒక ప్రాంతపు చరిత్ర ఉంది. జర్మనీకి చెందిన సామాజికశాస్త్రవేత్త మారియా మీస్ నర్సాపురం లేసు కార్మికులను పరిశీలించి 1982లో ఒక గ్రంథం ప్రచురించింది. ఇంటిపని చేసుకుంటూనే ఆ స్త్రీలు గంటల తరబడి అల్లేవారు. వారి కూలి అత్యల్పం. అయినా వారిని శ్రామికులుగా గాక, తీరిక వేళ ఏదో అల్లుకొనే గృహిణులుగా మాత్రమే పరిగణించారని ఆమె విశదీకరించింది. పువ్వులు అల్లేవారు ఒకరు, వాటిని అతికేవారు మరొకరు, అమ్మేవారు ఇంకొకరు. లాభం చివరివారికి చేరేది. శ్రమ మొదటివారి వద్ద మిగిలేది.

5. విశ్రాంతి ఎవరికి?

ఒకే సూది, ఒకే నూలు. ఒకరికి అది వినోదం, మరొకరికి జీవనం. ఈ భేదాన్ని కలిగించేది తీరిక. పనికి తగ్గ కూలి మీద బ్రతికేవారికి ఒక రోజు విశ్రాంతి అంటే ఒక రోజు కూలి పోవడమే. టీకా ఉచితంగా దొరికినా, మర్నాటి జ్వరానికి జడిసి వెనుకాడేవారు ఉంటారు. వారిని అజ్ఞానులని నిందించడం సులభం. వారికి ఆ ఒక్క రోజు తీరికను కల్పించడం కష్టం. టీకా కార్యక్రమం సంపూర్ణంగా సఫలం కావాలంటే ఆ రెండవ పని కూడా జరగాలి.

దీనికి దూరం వెళ్ళనక్కరలేదు. ఇంటిల్లిపాదీ టీకా వేయించుకున్న మర్నాడు అందరూ మంచం మీద ఉంటే, వంటింట్లో ఎవరున్నారో గమనించాలి. అమ్మ భుజం కూడా నొప్పి పెడుతూనే ఉంటుంది. ఆ రోజు అన్నం వండడం, గిన్నెలు తోమడం పిల్లలు తలా కొంత పంచుకుంటే, ఆమెకు కూడా కిటికీ దగ్గర కూర్చుని నాలుగు ఉచ్చులు అల్లుకొనే వ్యవధి దొరుకుతుంది.

ప్రశ్నలు

1. ‘టీకా’ అనే మాటకు గల రెండు అర్థాలను, వాటి మధ్య రచయిత చూపిన పోలికను వివరించండి.
2. టీకా వేసిన తరువాత జ్వరం, నొప్పి ఎందుకు కలుగుతాయి?
3. లేసు అల్లిక విశ్రాంతి సమయానికి ఏ విధంగా అనువైనది? దాని పరిమితి ఏమిటి?
4. “నీకు హాయే. మా అమ్మకు మాత్రం ఇవి బియ్యం డబ్బులు.” — సందర్భ సహితంగా వ్యాఖ్యానించండి.
5. మీ ఇంట్లో విశ్రాంతి అందరికీ సమానంగా లభిస్తున్నదా? మీ అభిప్రాయాన్ని పది పంక్తులలో రాయండి.