ఆస్పత్రి కొలువుకు ఎంఎస్‌డబ్ల్యూ చాలా?

ప్రశ్న: బీఏ చదివాను. ఆస్పత్రిలో రోగుల కుటుంబాలకు అండగా ఉండే ఉద్యోగం చేయాలనుంది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) చేయనా, హైదరాబాద్ వెళ్లనా?
– ఓ పాఠకురాలు, విజయనగరం

జవాబు: విశాఖ చాలమ్మా. ఈ చదువుకు అసలు బలం తరగతి గదిలో కన్నా క్షేత్రస్థాయి శిక్షణలోనే ఎక్కువ. అది సొంత ప్రాంతంలో అయితే మేలు. డిశ్చార్జి కాగితంలోని మందుల వేళలు రోగి తల్లికి అర్థమయ్యేలా చెప్పాలంటే ఉత్తరాంధ్ర యాస తెలిసిన మనిషి కావాలి. హైదరాబాద్‌లో అవకాశాలు ఎక్కువ కదా అంటారా? నిజమే, ఉద్యోగానికి తర్వాత వెళ్లొచ్చు. ఒక్క మెలిక ఉంది: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కావాలంటే పీజీ పైన రెండేళ్ల ఎంఫిల్ కూడా ఉండాలి. ముందు ఏపీ పీజీసెట్ రాయండి. శిక్షణకు ఏ ఆస్పత్రికి పంపుతారో విశ్వవిద్యాలయ సోషల్ వర్క్ విభాగంలో అడగండి. ఎంఫిల్ నిబంధనలు మారుతున్నాయి కాబట్టి, ఆ దారే మీ లక్ష్యమైతే కోర్సు నడిపే సంస్థను నేరుగా సంప్రదించాకే ఫీజు కట్టండి.