ఎరువు వేసిన మొక్క ఏల వాడును?

లేత మిరప మొక్క మొదట గుప్పెడు యూరియా వేసి, చాలీచాలని తడి పెట్టినచో ఒకటి రెండు దినములలో ఆకులు వ్రేలాడి, అంచులు మాడును. దానిని చూచి "ఎరువు వేడి చేసినది" అని మనము అనుకొందుము. నిజమునకు అది వేడి కాదు, దాహము. తడి నేలలో నిలిచియే మొక్క దాహమునకు మాడుచున్నది.

మీ ఇంట మాగాయ పెట్టునపుడు చూడుడు. మామిడి ముక్కలకు ఉప్పు కలిపి జాడీలో ఉంచగా మరునాటికి ముక్కలు ముడుతలు పడి, జాడీలో ఊట నిలుచును. ఆ నీరు ఎవరును పోసినది కాదు, ముక్కలలోనిదే. ప్రతి కణము చుట్టును పలుచని పొర యొకటి ఉండును. దాని గుండ నీరు సులభముగా పోవును గాని ఉప్పు అంత సులభముగా పోలేదు. ఉప్పు చిక్కగా ఉన్న వైపునకు నీరు నడచును. బడి పుస్తకములలో దీనినే ద్రవాభిసరణము అందురు. వేరు చుట్టును ఎరువు చిక్కబడినపుడు జరుగునదియు ఇదే. చౌడు నేలలో జరుగునదియు ఇదే.

ఈ పొర మందము మిల్లీమీటరులో లక్షవ వంతైనను లేదు. అది రెండు వరుసల కొవ్వు అణువులతో కట్టబడినదని 1925లో గోర్టర్, గ్రెండెల్ అను డచ్చి శాస్త్రజ్ఞులు తెలిపిరి. ఈ అణువులలో పెక్కింటికి భాస్వరముతో కూడిన తల, కొవ్వు తోకలు రెండు ఉండును. తలలు నీటి వైపునకు, తోకలు లోపలికి తిరిగియుండును. మీరు వేయు భాస్వరపు ఎరువులో కొంత ఈ తలలకే చేరునన్నమాట! ఈ కొవ్వులో మాంసకృత్తులు అక్కడక్కడ పొదిగినట్లుండి కదలుచుండును. 1972లో సింగర్, నికల్సన్ ఈ రూపమును వివరించిరి. ఈ మాంసకృత్తులలో కొన్ని నీటికి తూములు. వాటిని కనుగొన్నందుకు పీటర్ ఏగ్రికి 2003లో నోబెలు బహుమానము లభించినది.

నీరు తనంతట తానే నడచును. నైట్రేటు, పొటాషు అట్లు కాదు. అవి నేల తడిలో పలుచగాను, కణములో చిక్కగాను ఉండును. పల్లము నుండి మెరకకు నీరు తోడుటకు ఇంజను కావలసినట్లు, వీటిని లోనికి తెచ్చుటకు శక్తి కావలెను. వేరు గాలి పీల్చి ఆ శక్తిని సంపాదించును. మొక్కజొన్న చేలో రెండు మూడు దినములు నీరు నిలిచినచో వేరునకు గాలి అందదు, తూములును మూతపడును. అందుచేతనే నీటిలో నిలిచిన పైరు పసుపు వారి, వాడును. వరికి మాత్రము కాండము నుండి వేళ్ళకు గాలి దిగు దారులున్నవి. వరిని చూచి తక్కిన పైరులకు నీరు నిలుపరాదు.

కావున యూరియాను మొదలుకు తగులనీయక, బెత్తెడు ఎడముగా, తగినంత తడి ఉన్నపుడు, కొద్ది కొద్దిగా పలుమారులు వేయుడు. ఆకులపై చల్లునపుడు 100 లీటర్ల నీటికి 2 కిలోలు మించవద్దు. చల్లని వేళ చల్లుడు. ఇదివరకే పొరపాటు జరిగి, ఆకు ఇంకను పచ్చగానే ఉన్నచో మంచినీరు సమృద్ధిగా పెట్టి, మురుగు తీసివేయుడు.

పాలచౌడునకును మంచినీటితో కడిగి మురుగు తీయుటయే మందు. కారుచౌడు సంగతి వేరు. దానికి ముందు జిప్సము వేయవలెను. రెండింటిలో మీ పొలము ఏదో మట్టి పరీక్ష చేయించిన పిదపనే జిప్సము కొనుడు.