ప్రయాణానికి ముందు ఒక కాగితం లెక్క



"సగటు వేగం కనుక్కోండి" అనే లెక్కను మనం హైస్కూలు నుంచి గ్రూప్స్ పరీక్షల దాకా చేస్తూనే ఉంటాం. మార్కులు రాగానే మరిచిపోతాం. అదే లెక్కను రోడ్డు మీద సరిగా వేసుకోలేక మాకు ఒక ఏడాది పోయింది. ఆ పాఠం మీకు ఊరికే దక్కాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

మేము చేసిన తప్పు

డిగ్రీ చివరి సంవత్సరంలో మేము తొమ్మిది మందిమి పీజీ ప్రవేశ పరీక్షకు కర్నూలు నుంచి హైదరాబాదుకు ఒక తుఫాన్ బండి మాట్లాడుకున్నాం. ముందురోజే వెళ్లి ఉందామంటే అక్కడ మాకు చోటు లేదు. దూరం సుమారు 215 కి.మీ. గంటకు 60 కి.మీ. చొప్పున 3 గంటల 35 నిమిషాలు అనుకున్నాం. ఉదయం 5కు బయలుదేరితే 8.35కు చేరాలి. చేరింది 10.05కు. గేటు 9.30కే మూసేశారు. ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. మాలో ఒక్కరు కూడా పరీక్ష రాయలేదు.

డబ్బు లెక్క కూడా తప్పింది. తిరిగి వస్తుంటే జడ్చర్ల దగ్గర డీజిలు అయిపోవచ్చింది. అందరి జేబులూ తడిమినా చాలక, ఒక మిత్రుడు సప్లిమెంటరీ ఫీజుకు దాచుకున్న డబ్బు తీసి ఇచ్చాడు.

మొదటి మెట్టు: అసలు మైలేజి

మా నాన్న ఇరవై ఏళ్లుగా లారీ క్లీనరు. అక్షరాలు రావు, అంకెలు వచ్చు. సంగతి విని ఆయన ఒకటే మాట అన్నారు: "ఓనరు చెప్పింది కాదురా, బండి తాగిందే లెక్క." ఆయన పద్ధతి ఇది. ట్యాంకు నిండా పోయించి మీటరు రీడింగు రాసుకోవాలి. కొంత దూరం తిరిగాక మళ్లీ నిండా పోయించాలి. రీడింగు 45,210 నుంచి 45,450 అయితే తిరిగింది 240 కి.మీ. రెండోసారి 24 లీటర్లు పట్టితే మైలేజి 10. మాకు ఓనరు చెప్పింది 12. నిండా మనుషులు, పైన సామాను ఉంటే మైలేజి ఇంకా తగ్గుతుంది.

రెండో మెట్టు: డీజిలు ఖర్చు

సూత్రం: మొత్తం దూరం ÷ మైలేజి × లీటరు ధర. లెక్క సులువుగా ఉండేందుకు లీటరు రూ. 100 అనుకుందాం.

మేము వేసింది: 430 ÷ 12 = సుమారు 36 లీటర్లు, రూ. 3,600.
అసలు అయింది: రానూపోనూ 430, నగరంలో తిరిగింది 40, మొత్తం 470 కి.మీ. 470 ÷ 10 = 47 లీటర్లు, రూ. 4,700.

తేడా రూ. 1,100. అందుకే వచ్చిన మొత్తానికి నూటికి పది కలుపుకోండి. డ్రైవరు బత్తా, టోల్ విడిగా రాయండి. జాతీయ రహదారి టోల్ గేట్ల దగ్గర 24 గంటల్లో తిరిగి వస్తే రెండు వైపులకూ కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లే పడుతుంది. ఫాస్టాగ్‌లో డబ్బు ఉందో లేదో ముందే అడగండి.

మూడో మెట్టు: కాలం

దారినంతా ఒకే వేగంతో భాగించకూడదు. ముక్కలు చేయాలి.

శంషాబాదు వరకు 190 కి.మీ., గంటకు 60 చొప్పున: 3 గం. 10 ని.
నగరంలో 25 కి.మీ., గంటకు 20 చొప్పున: 1 గం. 15 ని.
టీ, డీజిలు, టోల్ గేట్లు: 40 ని.
మొత్తం: 5 గం. 5 ని.

చివరి 25 కి.మీ.లోనే మా ఏడాది పోయింది. పరీక్షకైతే చేరవలసిన సమయం నుంచి వెనక్కి లెక్కించండి. 9కి చేరాలంటే 3.55కు బయలుదేరాలి. పంక్చరుకు అరగంట వదిలితే 3.25కు.

గుర్తుంచుకోండి: వెళ్లేటప్పుడు 60, వచ్చేటప్పుడు 40 వేగమైతే సగటు 50 కాదు. 2 × 60 × 40 ÷ 100 = 48. నెమ్మదిగా నడిచిన దారికే ఎక్కువ కాలం పడుతుంది కనుక సగటు కిందికి దిగుతుంది.

అభ్యాసం

కర్నూలు నుంచి శ్రీశైలం సుమారు 180 కి.మీ. దోర్నాల వరకు 130 కి.మీ. గంటకు 50 చొప్పున, తర్వాతి ఘాట్ దారి 50 కి.మీ. గంటకు 25 చొప్పున, మధ్యలో విశ్రాంతి 30 నిమిషాలు. మైలేజి 9. వెళ్లడానికి పట్టే కాలం ఎంత? రానూపోనూ డీజిలు ఎంత? (జవాబు: 5 గం. 6 ని.; 40 లీటర్లు.) ఆ అడవి దారిలో రాత్రిపూట బండ్లను వదలరు, కనుక ఈ లెక్క తప్పితే దోర్నాలలోనే తెల్లవారుతుంది.

చివరగా ఒక మాట. "బయలుదేరే ముందు నన్నొక్క మాట అడిగి ఉంటే సరిపోయేది కదరా" అన్నారు నాన్న. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. చదువులేని నాన్నను లెక్క అడగాలని మాకు తట్టనే లేదు. మరుసటి ఏడాది ఆయన చెప్పిన వేళకే బయలుదేరి పరీక్ష రాశాం, సీటు తెచ్చుకున్నాం. మీ ఇళ్లలోనూ ఇలాంటి లెక్కల మాస్టార్లు ఉంటారు. బయలుదేరే ముందు వాళ్లను అడగండి.