పాఠం 17: కూరగాయ కొత్తది, వండే తీరు మనది

పిల్లలూ, ఈ పాఠానికి పెన్సిలు ఒక్కటే చాలదు. సగంలో లేచి వంటగదిలోకి వెళ్ళాలి. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళు ఉండే రోజు చూసుకుని మొదలుపెట్టండి.

మీ ఇంట్లో ఈ మాట ఎప్పుడైనా విన్నారా? "ఈ నెల కాస్త చూసుకుని ఖర్చు పెట్టాలి." అమ్మానాన్నలు మెల్లగా మాట్లాడుకుంటూ ఉంటారు, మీరు పక్క గదిలో ఉంటారు. మాటలన్నీ అర్థం కావు. అర్థం కాకపోతే భయం ఎక్కువవుతుంది. అందుకే డబ్బు గురించి మాట్లాడుకునే తెలుగు మాటలు మీకు తెలియాలని నా ఉద్దేశం.

కొన్ని ఇళ్ళలో ఒక్కరే ఉద్యోగం చేస్తారు. మా ఇంట్లోనూ అంతే. అక్కడ నేను బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఇక్కడ అమెరికాలో ఉద్యోగం చెయ్యడానికి నాకు ఇంకా అనుమతి లేదు. అందుకని అద్దె, కారు, కరెంటు పోగా మిగిలిన దాంట్లోనే వంటిల్లు నడపాలి. అద్దె తగ్గించమంటే తగ్గించరు. కారు వాయిదా కూడా అంతే. మన చేతిలో ఉన్నది కూరగాయల సంచీ ఒక్కటే. అందుకే ఇంటి పొదుపు చాలాసార్లు వంటగదిలోనే మొదలవుతుంది. మీ ఇంట్లో డాలర్లు కావచ్చు, పౌండ్లు కావచ్చు, దిర్హాములు కావచ్చు. లెక్క మాత్రం ఒకటే.

కొత్త మాటలు

ధర, ఖరీదు, వెల: మూడూ దాదాపు ఒకటే. "దీని ఖరీదెంత?" అని అడగొచ్చు, "ధర ఎంత?" అని కూడా అడగొచ్చు. కానీ "ఇది ఖరీదు" అని ఊరుకుంటే మాత్రం ఎక్కువ ధర అని అర్థం.

చవక: తక్కువ ధర.

కొసరు: కొన్నదాని మీద ఊరికే ఇచ్చే కొంచెం. మన ఊళ్ళలో కూరగాయలు కొంటే, తూకం అయిపోయాక, అమ్మే ఆవిడ రెండు కరివేపాకు రెబ్బలో, నాలుగు పచ్చిమిరపకాయలో సంచీలో పడేస్తుంది. దానికి డబ్బు తీసుకోదు. అదే కొసరు. ఇక్కడి దుకాణంలో అదే కరివేపాకు చిన్న ప్యాకెట్లో పెట్టి అమ్ముతారు. మీ అమ్మ ఆ ప్యాకెట్ చేతిలోకి తీసుకుని, ధర చూసి, మళ్ళీ పెట్టేస్తే ఎందుకో ఇప్పుడు మీకు తెలుస్తుంది. ఊరికే వచ్చేదాన్ని కొనాలంటే చెయ్యి రాదు.

పొదుపు, పిసినారితనం: ఈ రెండూ ఒకటి కావు. కూరగాయలో పారేసే భాగంతో ఇంకో వంట చెయ్యడం పొదుపు. డబ్బులుండి కూడా, ఇంటికొచ్చిన చుట్టానికి రెండోసారి వడ్డించకపోవడం పిసినారితనం. మీ అమ్మానాన్నలు చేసేది ఏదో చెప్పే ముందు కాస్త ఆలోచించండి.

వంట పేరు ఎలా పుడుతుంది?

ఈ పేర్లు పైకి చదవండి: తోటకూర పప్పు, దోసకాయ పచ్చడి, వంకాయ కూర, ఆనపకాయ పులుసు.

ఏం గమనించారు? ప్రతి పేరులో రెండు ముక్కలున్నాయి. మొదటి ముక్క దేనితో వండారో చెబుతుంది. రెండో ముక్క ఎలా వండారో చెబుతుంది. పప్పు, పచ్చడి, కూర, పులుసు అనేవి నాలుగు దారుల్లాంటివి. ఆ దారుల్లో ఏ కూరగాయనైనా నడిపించొచ్చు. నాలుగు దారులు తెలిసిన ఇంట్లో, దుకాణంలో ఆ వారం ఏది చవకగా దొరికితే దానితో కొత్త వంట పుడుతుంది. కొత్త పుస్తకం అక్కర్లేదు. నిజానికి కొత్త డబ్బాలు కూడా అక్కర్లేదు, ఇది ముఖ్యం. వీడియోలో చూసిన ఒక వంట కోసం నాలుగు రకాల కొత్త పొడులు కొంటే, అందులో పడిన కూరగాయ ఎంత చవకైనా అది చవక వంట కాదు. నేను ఇంట్లో పెట్టుకున్న నియమం ఇది: కూరగాయ కొత్తదైతే, వండే తీరు పాతదై ఉండాలి.

ఇలా చెయ్యడం మనతోనే మొదలవలేదు. మిరపకాయ మనదే అనుకుంటాం కదా? అది అమెరికా ఖండాల పంట. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ కూడా అంతే. 1498లో పోర్చుగీసువాళ్ళు ఓడల్లో కాలికట్ తీరానికి వచ్చిన తరువాతి కాలంలోనే ఇవన్నీ ఒక్కొక్కటిగా మన దేశం చేరాయి. అంతకు ముందు మనవాళ్ళు వంటలో కారానికి మిరియాలు వాడేవాళ్ళు. ఎవరో ఒక అమ్మమ్మ మొదటిసారి టమాటాని చేతిలోకి తీసుకుని "దీన్ని పప్పులో వేసి చూద్దామా?" అని అనుకునే ఉంటుంది. లేకపోతే మనకు టమాటా పప్పు ఎక్కడిది!

కొత్త కూరగాయకు మనవాళ్ళు పేరు ఎలా పెట్టారో కూడా చూడండి. ఆకుపచ్చగా, పియర్ పండులా ఉండే ఒక కాయ ఉంది. దాని సొంత ఊరు మెక్సికో వైపు. తెలుగులో దాన్ని బెంగుళూరు వంకాయ అంటాం. అది బెంగుళూరుదీ కాదు, వంకాయా కాదు! కొందరు సీమ వంకాయ అంటారు. అమెరికాలో ఉన్నవాళ్ళు మెక్సికన్ దుకాణంలో "చాయోటె" అనే చీటీ ఉన్న గంప దగ్గర ఆగండి. మారిషస్ పిల్లలూ, మీ బజారులో దాన్నే "శూశూ" అంటారు. మలేషియాలో "లాబు సియామ్". ఎక్కడున్నా అదే కాయ. కొబ్బరి వేసి కూర చేసుకోవచ్చు, పప్పులోనూ వేసుకోవచ్చు. కోస్తే జిగురు వస్తుంది, చేతికి అంటుకుంటుంది. అందుకని నీళ్ళ కింద పెట్టి చెక్కు తియ్యాలి.

మాటల పని: లు పోయి ల వస్తుంది

బ్రాకోలీ + కాడలు + పచ్చడి = బ్రాకోలీ కాడల పచ్చడి
ముల్లంగి + ఆకులు + పప్పు = ముల్లంగి ఆకుల పప్పు

"కాడలు పచ్చడి" అనకూడదు. "కాడల పచ్చడి" అనాలి. ఒకటి కన్నా ఎక్కువ ఉన్నవాటి పక్కన ఇంకో పేరు చేరితే, చివరి "లు" "ల"గా మారుతుంది. "పిల్లలు" పక్కన "పుస్తకం" వస్తే "పిల్లల పుస్తకం" అయినట్టే.

కొన్ని పేర్లలో "కాయ" జారిపోతుంది కూడా. బీరకాయ పొట్టుతో చేసేది బీరపొట్టు పచ్చడి. గుమ్మడికాయలో ఉండేవి గుమ్మడి గింజలు. బీరపొట్టు పచ్చడి ఎంత బాగుంటుందంటే, మా ఇంట్లో కూర కన్నా అదే ముందు అయిపోతుంది. పారేసే పొట్టుకి అంత మర్యాద!

ఇంకో సంగతి. తెలంగాణ పిల్లల ఇళ్ళలో పచ్చడిని "తొక్కు" అంటారు. పండు మీద ఉండేది "తొక్క". ఒక్క అక్షరం తేడా. కలిపెయ్యకండి.

చేసి చూద్దాం: బ్రాకోలీ కాడల పచ్చడి

దుకాణంలో బ్రాకోలీని తూకానికి అమ్మితే, కాడకీ పువ్వుకీ ఒకే ధర కడతాం. ఇంటికొచ్చాక పువ్వు ఉంచుకుని కాడ చెత్తబుట్టలో వేస్తాం. అంటే కొన్న డబ్బులో కొంత చెత్తబుట్టలో పడినట్టే కదా. కాడ పైన తోలు గట్టిగా, పీచుగా ఉంటుంది. దాన్ని చెక్కేస్తే లోపల లేతగా ఉంటుంది, పచ్చిగా కూడా తినొచ్చు.

కావలసినవి: చెక్కు తీసి చిన్నగా తరిగిన కాడ ముక్కలు 2 కప్పులు, శనగపప్పు 1 పెద్ద చెంచా, మినప్పప్పు 1 పెద్ద చెంచా, ఎండుమిరపకాయలు 4, జీలకర్ర అర చెంచా, ఉసిరికాయంత చింతపండు, నూనె 3 చెంచాలు, ఆవాలు అర చెంచా, చిటికెడు ఇంగువ, చిటికెడు పసుపు, తగినంత ఉప్పు.

"ఉసిరికాయంత" అంటే ఉసిరికాయ సైజులో అని అర్థం. మన వంటల్లో చెంచాల కన్నా ఈ కొలతలే పాతవి: నిమ్మకాయంత, గోలీ అంత, చిటికెడు, గుప్పెడు. ఉసిరికాయ చూడనివాళ్ళు పింగ్‌పాంగ్ బంతి కన్నా కాస్త చిన్నది అనుకోండి. ఇక "తగినంత" దగ్గరే అందరికీ చిరాకు. ఎంత తగినంత? ముప్పావు చిన్న చెంచాతో మొదలుపెట్టండి. రుచి చూసి, చాలకపోతే వెయ్యండి. వెయ్యడం తేలిక, తియ్యడం కుదరదు.

పొయ్యి దగ్గర పని పెద్దవాళ్ళది. ముక్కలు కడగడం, కొలవడం, చింతపండు వేడినీళ్ళలో నానబెట్టి గింజలు తియ్యడం మీది.

ముందు మూకుడులో 2 చెంచాల నూనె వేడి చేసి శనగపప్పు, మినప్పప్పు వెయ్యాలి. ఎర్రగా అవుతూ కమ్మటి వాసన వచ్చాక ఎండుమిరపకాయలు, జీలకర్ర వేసి, ఒక్క నిమిషం వేయించి పళ్ళెంలోకి తియ్యాలి. అదే నూనెలో కాడ ముక్కలు, పసుపు, కాస్త ఉప్పు వేసి మూత పెట్టి మగ్గించాలి. మగ్గించడం మంచి మాట, గుర్తుపెట్టుకోండి. నీళ్ళు పోసి ఉడికించడం కాదు, నూనెలో వేయించడం కూడా కాదు. మూత కింద, సన్నని మంట మీద, కూరగాయ తన నీళ్ళతో తానే మెత్తబడడం. ఏడెనిమిది నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒకసారి కలపాలి.

తరువాత అన్నీ బాగా చల్లారనివ్వాలి. వేడి వేడిగా మిక్సీలో వేస్తే ఆవిరికి మూత ఎగిరిపోతుంది, చేతులు కాలతాయి. చల్లారాక ముందు పప్పులు, మిరపకాయలు తిప్పి, తరువాత చింతపండు, కాడ ముక్కలు వేసి కచ్చాపచ్చాగా రుబ్బాలి. కచ్చాపచ్చా అంటే సగం మెత్తగా, సగం పలుకుగా. మిగిలిన చెంచా నూనెలో ఆవాలు చిటపటలాడాక ఇంగువ వేసి పచ్చడిలో కలిపితే అయిపోయినట్టే. దీన్ని కొందరు పోపు అంటారు, కొందరు తాలింపు, ఇంకొందరు తిరగమోత. మీ ఇంట్లో ఏమంటారు? ఇక్కడ రాయండి: ____________

వేడి అన్నంలో కలుపుకుని తినండి. దోసెలోకి కూడా బాగుంటుంది.

కొత్త వంట చేసే రోజున, పక్కన బాగా తెలిసిన వంట ఒకటి తప్పకుండా ఉండాలి. కొత్తది కుదరకపోయినా ఎవరూ ఆకలితో లేవకూడదు, బయట నుంచి పిజ్జా తెప్పించుకునే అవసరం రాకూడదు. అందుకే మొదటిసారి కొంచెమే చెయ్యండి.

ఇంకో జాగ్రత్త. "పారెయ్యకూడదు" అన్నాను కదా అని దొరికిన ప్రతి ఆకూ వండకూడదు. ముల్లంగి ఆకులు, బీట్‌రూట్ ఆకులు శుభ్రంగా కడిగి పప్పులో వేసుకోవచ్చు. కానీ రూబార్బ్ అనే మొక్కకి కాడ మాత్రమే తినాలి, ఆకు విషం. తెలియని ఆకు అయితే పెద్దవాళ్ళని అడగకుండా ముట్టుకోవద్దు.

పులుపు సంగతి కూడా చెప్పేస్తాను. మామిడికాయ పప్పు అంటే నాకు ప్రాణం. ఇక్కడ పచ్చి మామిడికాయ ఎప్పుడూ దొరకదు, దొరికినా ఖరీదు. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ అయిపోగానే మా దగ్గర క్రాన్‌బెర్రీలు చవకవుతాయి. రెండు ప్యాకెట్లు తెచ్చి ఫ్రీజర్లో పెట్టుకుంటే, ఒక్కో గుప్పెడు చొప్పున చాలా రోజులు క్రాన్‌బెర్రీ పప్పు చేసుకోవచ్చు. మామిడికాయ పప్పు రుచి వస్తుందా అంటే, రాదు. దాని రుచి దానిదే. కానీ మా వాళ్ళు రెండోసారి అడిగి మరీ వేయించుకుంటారు.

అభ్యాసం

1. ఖాళీలు నింపండి. పుచ్చకాయ + ముక్కలు + కూర = ____________. క్యారెట్ + ఆకులు + పచ్చడి = ____________. చిక్కుడుకాయ + గింజలు + కూర = ____________. (మూడో దానిలో "కాయ" ఉంటుందా, జారుతుందా? పైకి పలికి చూడండి.)

2. లెక్క. 2 పౌండ్ల సంచీ 4 డాలర్లు. 10 పౌండ్ల సంచీ 15 డాలర్లు. పౌండు ధర చూస్తే ఏది చవక? ఇప్పుడు అసలు ప్రశ్న: ఆ సంచీలో కందిపప్పు ఉంటే ఏది కొంటారు? పాలకూర ఉంటే ఏది కొంటారు? ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి.

3. ఈ వారం దుకాణానికి మీరూ వెళ్ళండి. అరల మీద అంటించిన చీటీలలో పెద్ద అంకె కింద చిన్న అంకెలు ఉంటాయి. పౌండుకో, ఔన్సుకో, కిలోకో ఎంత అని అక్కడ ఉంటుంది. ఆ చిన్న అంకెలు చదివి అమ్మకో నాన్నకో తెలుగులో చెప్పండి: "ఇది చవక, అది ఖరీదు." ఇంటికొచ్చాక బిల్లు చూసి, మీరు చెప్పినందువల్ల ఎంత మిగిలిందో కలిసి లెక్కవెయ్యండి.

4. అమ్మమ్మకో నాయనమ్మకో ఫోన్ చెయ్యండి. మీ ఇంట్లో పారేసే ఒక తొక్క పేరో, ఒక కాడ పేరో చెప్పి, "దీంతో ఏం చెయ్యొచ్చు?" అని అడగండి. ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే రాసుకోండి. తెలియని మాట వస్తే దాని కింద గీత గీసి, వచ్చే వారం తరగతికి తీసుకురండి.