పాత ల్యాప్‌టాప్‌కు తేలికైన డెస్క్‌టాప్

ప్రశ్న: నా పాత ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్ ఉంది. ఉబుంటు వేశాక మెనూ తెరుచుకోవడానికే చాలాసేపు పడుతోంది. కొత్తది కొనక తప్పదా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: తొందరపడి కొనకండమ్మా. ఉబుంటుతో వచ్చే గ్నోమ్ డెస్క్‌టాప్ మెరుపుల కోసం, కదలికల కోసం ర్యామ్‌ను ఎక్కువగా వాడుతుంది. దాని కింద ఉన్న లైనక్స్ వ్యవస్థను కదపకుండా డెస్క్‌టాప్ ఒక్కటే మార్చుకోవచ్చు. మీకు ఎక్స్‌ఎఫ్‌సీఈ సరిపోతుంది. 1996లో మొదలైన ఈ ఉచిత డెస్క్‌టాప్ తక్కువ ర్యామ్‌తో నడుస్తుంది.

1. ముందుగా మీ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

2. టెర్మినల్‌లో ప్యాకేజీలు వేసే ‘ఆప్ట్’ ఆదేశం ద్వారా ‘ఎక్స్‌ఎఫ్‌సీఈ4’ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయండి. లాగిన్ తెర ఏది కావాలని అడిగితే పాతదే ఉంచండి.

3. రీస్టార్ట్ చేసి, మీ పేరు నొక్కాక కింద కనిపించే పళ్లచక్రం గుర్తులో ఎక్స్‌ఎఫ్‌సీఈ సెషన్ ఎంచుకోండి. నచ్చకపోతే అక్కడే గ్నోమ్‌కు తిరిగి వెళ్లవచ్చు.

4. సెట్టింగ్స్‌లోని ‘విండో మేనేజర్ ట్వీక్స్’లో విండోలకు నీడలు గీసే కంపోజిటర్‌ను ఆపేయండి. నీడలు పోతాయి, భారం తగ్గుతుంది.

5. ‘సెషన్ అండ్ స్టార్టప్’లో లాగిన్‌తో వాటంతటవే మొదలయ్యే అక్కర్లేని ప్రోగ్రాములకు టిక్ తీసేయండి. పేరు తెలియనివాటి జోలికి వెళ్లకండి.

6. ప్యానెల్‌పై రైట్‌క్లిక్ చేసి రోజూ వాడేవాటిని అందులో చేర్చుకోండి.

బ్రౌజర్‌లో మాత్రం ట్యాబులు తక్కువగా తెరవండి. డెస్క్‌టాప్ మారినా వాటి ఆకలి తగ్గదు.

లాగిన్ తర్వాత నల్లతెరే మిగిలినా, హార్డ్‌డిస్క్ టకటకమన్నా, ఫైళ్లు తెరుచుకోకపోయినా స్వయంగా చేసే ప్రయత్నాలు ఆపి, లైనక్స్ తెలిసిన టెక్నీషియన్‌కు చూపించండి.