పాముకు ఒక ప్రశ్న: అజ్ఞేయ కవితా పరిశీలన

పాము ఎదురుపడితే మనిషి భయపడి వెనుకకు తగ్గుతాడు, లేదా కర్ర అందుకుంటాడు. హిందీ కవి అజ్ఞేయ (1911–1987) ‘సాంప్’ అనే కవితలో ఈ రెండూ చేయలేదు. పామును పలకరించి, మర్యాదగా ఒక సందేహం అడిగారు.

అజ్ఞేయ అసలు పేరు సచ్చిదానంద హీరానంద వాత్స్యాయన్. 1943లో వెలువడిన ‘తార్ సప్తక్’ సంకలనానికి సంపాదకులుగా ఆయన ఆధునిక హిందీ కవితను కొత్త దారి పట్టించారు. ‘సాంప్’ 1957 నాటి ‘ఇంద్రధను రౌందే హుయే యే’ సంపుటిలోనిది. కొద్ది పంక్తుల కవిత. అలంకారాల ఆడంబరం లేదు. నాగరికత ఎరుగని, నగరవాసం చేతకాని ప్రాణికి కాటు, విషం ఎలా సంక్రమించాయన్నదే కవి సందేహం.

పైకి ఇది అమాయకమైన ప్రశ్న. అయితే దాని వెనుక, కవి నోరు విప్పి చెప్పని ఒక నిర్ణయం దాగి ఉంది: కాటువేయడం నగరంలో నేర్చుకొనే విద్య. ఈ మాటను కవి ఎక్కడా ప్రకటించలేదు. ప్రశ్న అర్థం కావాలంటే పాఠకుడే దానిని పూరించుకోవాలి. పూరించుకొన్న క్షణంలోనే వ్యంగ్యం పాము మీదినుంచి మనిషి మీదికి మళ్లుతుంది.

హిందీలో ఈ భావానికి ప్రాస తోడ్పడింది. నివసించడమనే అర్థంగల ‘బస్నా’, కాటువేయడమనే అర్థంగల ‘డస్నా’ అంత్యప్రాసగా కలిశాయి. వాదించవలసిన సంబంధాన్ని చెవి ముందే అంగీకరిస్తుంది. తెలుగులో ‘నివసించు’, ‘కాటువేయు’ అన్నప్పుడు అర్థం నిలుస్తుంది గాని ఆ జంట విడిపోతుంది. అనువాదకుడికి ఇది తీరని లోటు.

పామును, మనిషిని పోల్చడం తెలుగువారికి కొత్త కాదు. పాముకు తలలోనే ఉండే విషం దుష్టుడికి శరీరమంతటా ఉంటుందని సుమతీ శతకకారుడు ఏనాడో చెప్పాడు. అక్కడ దోషి ఒక దుర్జనుడు. తక్కినవారు నిశ్చింతగా ఉండవచ్చు. అజ్ఞేయ కవితలో ఆ వెసులుబాటు లేదు. సభ్యులమని చెప్పుకొనే వారందరూ ఆ ప్రశ్న పరిధిలోకి వస్తారు.

కవితలో పాము బదులు పలకదు. దాని పక్షాన ప్రకృతిశాస్త్రం చెప్పగల సమాధానం తేలికైనదే. గుడ్డు నుంచి వెలువడిన నాగుపాము పిల్లకు సైతం విషం ఉంటుంది. ఎరను పట్టడానికీ, ఆత్మరక్షణకూ అది దాని సహజ సాధనం. ఎవరి వద్దా నేర్చినది కాదు. కనుక ‘ఎలా నేర్చావు’ అన్న ప్రశ్న పాముకు వర్తించదు. పుట్టుకతో విషం లేని మనిషికే వర్తిస్తుంది.

కవిత ప్రశ్నతోనే ముగుస్తుంది. అయితే ‘నేర్వడం’ అన్న మాటలోనే పాఠకునికి ఒక ఆశ కూడా ఉంది. పాము తన విషాన్ని విడువలేదు. మనిషి నేర్చినదానిని మానుకోగలడు.